కొండదారిలో సైకిలు - వాలు చెప్పే లెక్కలు

పత్తి, మిర్చి పండే మన గుంటూరు, ప్రకాశం మైదానాలలో సైకిలు తొక్కడం పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అన్నగారి సైకిలు దొరికినప్పుడల్లా అడ్డతొక్కుడు తొక్కి, రెండుసార్లు మోకాళ్ళు గీరుకుంటే విద్య వచ్చేస్తుంది. ఊళ్ళో ఉన్నంతవరకు బాగానే ఉంటుంది. పెద్దరోడ్డు ఎక్కితేనే చిక్కు. పత్తి తీతల కాలంలో బోరెలు పక్కలకు పొంగిపోయిన లారీలు, సంక్రాంతి దాటిన తరువాత గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు మోసుకుపోయే లారీలు, ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమిస్తాయి. వాటి పక్కన సైకిలుకు మిగిలేది మూరెడు అంచు, ముక్కు నిండా మిరపకోరు.

అందుకే సైకిలు మీద మోజు ఉన్న విద్యార్థులందరికీ ఒకటే కోరిక. లారీలూ బస్సులూ లేని దారి పట్టుకుని, ఏ కొండ మీదికో, అడవి వైపుకో హాయిగా పోయిరావాలని. అటువంటి దారులు మన ప్రాంతంలో లేకపోలేదు. కాలువ కట్టలున్నాయి, కోటప్పకొండ, కొండవీడు ఘాట్ రోడ్లున్నాయి, పడమట నల్లమల అడవిదారి ఉన్నది. వీటిలో మీ కాళ్ళకు తగినది ఏది? చాలామంది "ఎన్ని కిలోమీటర్లు?" అని అడుగుతారు. అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. "వాలు ఎంత?" అని అడగాలి. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

నీటి వాలు, రైలు వాలు, బస్సు వాలు

దారి మీద 20 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు ఎత్తు పెరిగిందనుకోండి. ఆ వాలును "20కి 1" అంటారు. 100 మీటర్లకు 1 మీటరు పెరిగితే "100కి 1". రెండో అంకె 1గానే ఉంచితే, మొదటి అంకె చిన్నదయ్యే కొద్దీ దారి నిటారవుతుంది.

ఏ దారికి ఎంత వాలు ఉండాలో ఆ దారిన పోయేదాన్ని బట్టి నిర్ణయిస్తారు. నీటి సంగతి చూడండి. నాగార్జునసాగర్ కుడికాలువ పొడవు 203 కిలోమీటర్లు. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీరు వదిలారు. ఈ కాలువకు వాలు ఎక్కువైతే నీరు ఉరవడిగా పారి గట్లను కోసేస్తుంది. పైగా ఎత్తు త్వరగా కరిగిపోయి, దూరాన ఉన్న మెట్టపొలాలకు నీరు అందదు. కనుక ఇటువంటి పెద్ద కాలువలకు కిలోమీటరుకు 10, 20 సెంటీమీటర్ల వాలు మాత్రమే ఇస్తారు. అంటే సుమారు 10,000కి 1 నుంచి 5,000కి 1 దాకా. కాలువ కొండకు ఎదురుపడితే ఎక్కదు, ఎత్తు చెడకుండా పక్కనుంచి వంకర తిరిగి పోతుంది. దాని వెంట ఉన్న కట్ట కూడా అంతే. డెల్టాలో పెదగంజాం దాకా పోయే కొమ్మమూరు కాలువదీ ఇదే పద్ధతి.

రైలు కాలువంత సుకుమారి కాదు గాని, దానిదీ ఇబ్బందే. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. అందువల్ల రైలుమార్గాలను సాధారణంగా 100కి 1 ప్రాంతంలో ఉంచడానికి ప్రయత్నిస్తారు. వాలు తగ్గించడం కోసమే లోయల మీద వంతెనలు కట్టి, కొండలకు సొరంగాలు తొలుస్తారు.

బస్సుకు, లారీకి రబ్బరు టైర్లున్నాయి, గేర్లున్నాయి. కనుక అవి ఇంకా నిటారైన దారిని ఎక్కగలవు. కొండ ప్రాంతాల రోడ్లకు సాధారణ వాలు 20కి 1 ఉండాలనీ, తప్పనిచోట కొంత పెంచవచ్చుననీ భారత రహదారుల కాంగ్రెస్ నియమం.

నీటికి, రైలుకు, బస్సుకు తలా ఒక వాలు కుదిరింది. సైకిలు తొక్కే మనిషికి ఎంత కుదురుతుంది?

మన కాళ్ళ సామర్థ్యం

మీ బరువు 50 కిలోలు, సైకిలు బరువు 20 కిలోలు అనుకుందాం. మొత్తం 70 కిలోలు. గురుత్వ త్వరణాన్ని లెక్క సులువు కోసం 10 అనుకుంటే, మొత్తం భారం 700 న్యూటన్లు.

సైకిలు ముందుకు పోవాలంటే మూడు నిరోధాలను గెలవాలి.

మొదటిది టైర్ల నిరోధం. టైరు నేలను తాకినచోట కొద్దిగా నొక్కుకుని మళ్ళీ లేస్తుంది. ఆ నొక్కుడులో కొంత శక్తి పోతుంది. మంచి తారురోడ్డు మీద, గాలి నిండుగా ఉన్న టైర్లతో ఇది సుమారు 6 న్యూటన్లు. గాలి తగ్గితే ఇంకా పెరుగుతుంది.

రెండవది గాలి నిరోధం. ఇది వేగం యొక్క వర్గాన్ని అనుసరిస్తుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో, అంటే గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు సుమారు 9 న్యూటన్లు. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లు, 36 న్యూటన్లు.

మూడవది వాలు నిరోధం. 20కి 1 వాలులో మన భారంలో ఇరవయ్యో వంతు మనలను వెనక్కు లాగుతుంది. 700లో ఇరవయ్యో వంతు 35 న్యూటన్లు. 100కి 1 వాలులో 7 న్యూటన్లే.

ఇక కాళ్ళ సంగతి. అలవాటున్న విద్యార్థి గంటసేపు ఆగకుండా సుమారు 75 వాట్ల సామర్థ్యంతో తొక్కగలడు. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు కనుక, మనం గుర్రంలో పదోవంతు అన్నమాట. సామర్థ్యం అంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. బలం ఎక్కువ కావలసివస్తే వేగం తగ్గక తప్పదు.

నాలుగు దారులు, నాలుగు వేగాలు

కాలువ కట్ట మీద వాలు లేనట్లే లెక్క. టైర్లకు 6, గాలికి 9, కలిపి 15 న్యూటన్లు. 15ను 5తో గుణిస్తే సరిగ్గా 75 వాట్లు. అంటే గంటకు 18 కిలోమీటర్లు పోవచ్చు. ఇది తారు వేసిన కట్టకు. మట్టికట్ట అయితే టైర్ల నిరోధం పెరిగి వేగం తగ్గుతుంది.

రైలు వాలులో, అంటే 100కి 1 ఉన్నచోట, సెకనుకు 4 మీటర్ల వేగం తీసుకోండి. టైర్లకు 6, వాలుకు 7, గాలికి సుమారు 5.8. మొత్తం 18.8 న్యూటన్లు. దానిని 4తో గుణిస్తే మళ్ళీ 75 వాట్లు. గంటకు 14 కిలోమీటర్ల పైచిలుకు. కొండ ఎక్కుతున్నట్లే తెలియదు.

20కి 1 ఘాట్ రోడ్డులో టైర్లకు 6, వాలుకు 35, గాలికి సుమారు 1. మొత్తం 42 న్యూటన్లు. 75ను 42తో భాగిస్తే సెకనుకు 1.8 మీటర్లు. గంటకు ఆరున్నర కిలోమీటర్ల లోపే. గబగబా నడిచేవాడు మీ పక్కనే వస్తుంటాడు.

10కి 1 ఉన్న నిటారు మలుపులో 76 న్యూటన్లు కావాలి. వేగం సెకనుకు 1 మీటరుకు కూడా రాదు. అంత నెమ్మదిగా సైకిలు మీద నిలదొక్కుకోవడమే కష్టం. దిగి తోసుకుపోవడం ఇక్కడ చిన్నతనం కాదు.

చూశారా! కట్ట మీద గంటలో పోయే 18 కిలోమీటర్ల దూరానికి ఘాట్ రోడ్డు మీద దాదాపు మూడు గంటలు పడుతుంది. దూరాన్ని మాత్రమే చూసి బయలుదేరినవారు మధ్యాహ్నపు ఎండలో కొండ మధ్య చిక్కుకునేది ఇందువల్లనే.

పళ్ళు లెక్కపెట్టండి

వేగం తగ్గించుకుంటే ఎంత వాలైనా ఎక్కవచ్చు కదా అనిపించవచ్చు. మామూలు సైకిలుతో అది కుదరదు. కారణం పళ్ళలో ఉంది. పెడలు దగ్గరి పెద్ద పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు అనుకోండి. పెడలు ఒకసారి తిరిగితే వెనుక చక్రం 2.44 సార్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లయితే, ఒక్క తొక్కుకు సైకిలు సుమారు 5.4 మీటర్లు పోతుంది. ఆ లోపల మీ పాదం తిరిగిన దూరం 1.1 మీటర్ల లోపే. దూరంలో అయిదు రెట్లు లాభించాము కనుక బలంలో అయిదు రెట్లు నష్టపోవాలి. 20కి 1 వాలులో 42 న్యూటన్లకు బదులు పెడలు మీద సగటున 210 న్యూటన్లు మోపాలి. 10కి 1 వాలులో సగటున 380 న్యూటన్లు. పెడలు పైకీ కిందికీ వచ్చినచోట్ల తోపు పనికిరాదు గనుక, మధ్యలో అంతకంటె చాలా ఎక్కువ బలంతో తొక్కాలి. మీ మొత్తం భారమే 500 న్యూటన్లు! నిలబడి తొక్కినా సైకిలు ఎందుకు మొరాయిస్తుందో తెలిసింది కదా.

గేర్ల సైకిలులో ముందు చిన్నచక్రానికీ, వెనుక పెద్దచక్రానికీ చెయినును మార్చవచ్చు. ముందు 28, వెనుక 28 అయితే ఒక్క తొక్కుకు 2.2 మీటర్లే పోతుంది. కావలసిన బలం రెండు రెట్లకు దిగుతుంది. గేరు మనకు శక్తిని ఇవ్వదు. ఉన్న శక్తిని చిన్న చిన్న వాయిదాలలో చెల్లించనిస్తుంది.

కొండదారికి మలుపులు వేసిన కారణం కూడా ఇదే. 100 మీటర్ల ఎత్తును 500 మీటర్ల దారిలో ఎక్కితే వాలు 5కి 1. మెలికలు తిప్పి 2 కిలోమీటర్లు చేస్తే 20కి 1. రెండింటిలోనూ గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసే పని ఒకటే. 700ను 100తో గుణిస్తే 70,000 జౌళ్ళు. కోటప్పకొండను మెట్ల మీదుగా ఎక్కినా, ఘాట్ రోడ్డు మీదుగా ఎక్కినా ఎత్తుకు చెల్లించవలసిన సుంకం మారదు.

ఒంటి వేడి

మన కండరాల దక్షత సుమారు నాలుగో వంతు. 75 వాట్లు పెడలుకు చేరాలంటే శరీరం 300 వాట్లు ఖర్చు పెట్టాలి. మిగిలిన 225 వాట్లు వేడిగా మారుతాయి. ఈ వేడిని ముఖ్యంగా చెమట ఆవిరై తీసుకుపోవాలి. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ళు కావాలి. గంటకు లెక్క కట్టండి, దాదాపు 340 గ్రాములు వస్తుంది. ఎండ వేడి దీనికి అదనం.

మైదానంలో వేగంగా పోతుంటే గాలి తగిలి చెమట త్వరగా ఆరుతుంది. ఘాట్ రోడ్డు మీద నడక వేగంతో పోయేవారికి ఆ గాలి ఉండదు. పని అంతే, వేడి అంతే, కాని చల్లబడే మార్గం తగ్గింది. వేసవి ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మన పల్నాడులోనే ఉంది. కనుక కొండ ఎక్కే ప్రయాణానికి కార్తీకం నుంచి మాఘం దాకా ఉన్న చలికాలం, అందులోనూ తెల్లవారిన తరువాతి మొదటి రెండు మూడు గంటలు మంచివి. మనిషికి రెండు లీటర్ల నీరు, చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ వెంట ఉండాలి.

ఎక్కడం కాదు, దిగడమే గండం

ఎక్కేటప్పుడు అలసట ఒక్కటే ఇబ్బంది. అలసిపోతే ఆగుతాము. ప్రమాదమంతా దిగేటప్పుడే. 20కి 1 వాలులో తొక్కకుండా, బ్రేకు వేయకుండా వదిలేస్తే, గాలి నిరోధం 29 న్యూటన్లు అయ్యేదాకా వేగం పెరుగుతుంది. అది సెకనుకు 9 మీటర్లు, గంటకు 32 కిలోమీటర్లు. 10కి 1 వాలులో అయితే గంటకు 48 కిలోమీటర్లు!

గతిశక్తి వేగవర్గాన్ని అనుసరిస్తుందని మీరు చదువుకున్నారు. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో మన 70 కిలోల గతిశక్తి 875 జౌళ్ళు. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో 3,500 జౌళ్ళు. బ్రేకు 175 న్యూటన్ల బలంతో పట్టిందనుకుంటే చదును రోడ్డు మీద మొదటిది 5 మీటర్లలో, రెండవది 20 మీటర్లలో ఆగుతుంది. దిగుడులో 35 న్యూటన్లు మనలను ముందుకు తోస్తాయి గనుక రెండవదానికి 25 మీటర్లు కావాలి. ప్రమాదం కంటబడి చెయ్యి బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను పట్టినా, ఆ లోపల ఇంకో 10 మీటర్లు పోతాము. మొత్తం 35 మీటర్లు. కొండమలుపులో ముందున్న రోడ్డు చాలాచోట్ల అంతదూరం కనపడనే కనపడదు.

బ్రేకు పట్టి గంటకు 18 కిలోమీటర్ల వేగం దాటకుండా దిగితే ఏమవుతుంది? 100 మీటర్ల ఎత్తు నుంచి 2 కిలోమీటర్ల దారిలో దిగేటప్పుడు వదులుకోవలసిన 70,000 జౌళ్ళలో టైర్లు 12,000, గాలి 18,000 తీసుకుంటాయి. మిగిలిన 40,000 జౌళ్ళను బ్రేకు రబ్బర్లు, రిమ్ములు వేడిగా మార్చి గాలికి వదలాలి. ఒక గ్లాసు నీటిని, అంటే 125 గ్రాముల నీటిని, గది ఉష్ణోగ్రత నుంచి మరిగేదాకా తెచ్చే వేడి అది. అరిగిపోయిన రబ్బర్లతో, వదులైన బ్రేకు కడ్డీలతో కొండ దిగరాదనడానికి ఇదే కారణం. రెండు బ్రేకులూ కలిపి వేయాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే తలకిందులయ్యే ప్రమాదముంది. ఇనుపరిమ్ము తడిసినప్పుడు రబ్బరు పట్టు బాగా తగ్గిపోతుంది గనుక వానలో ఘాట్ దిగవద్దు. కొండ మీద డబుల్స్ అసలే వద్దు. బరువు పెరిగిన కొద్దీ గతిశక్తి పెరుగుతుంది, బ్రేకు మాత్రం పాతదే.

ఖాళీ రోడ్డు ఎవరిది?

ఇప్పుడు దారుల దగ్గరకు వద్దాం. కాలువ కట్ట కాళ్ళకు సులువు. కాని లైనింగు చేసిన కాలువ గోడలు నున్నగా, వాలుగా ఉంటాయి. నిండుగా పారే నీటిలో పడితే ఈత వచ్చినవారు కూడా పైకి పాకలేరు. నీటి వైపు కాక పొలాల వైపు అంచున పోవాలి, చీకటిపడ్డాక పోరాదు. కోటప్పకొండ, కొండవీడు ఘాట్ రోడ్లు పొట్టివి. ఒక పూటలో పోయిరావచ్చు. పనిదినాలలో పొద్దుటిపూట బండ్లు తక్కువ. శివరాత్రి తిరునాళ్ళనాడు కోటప్పకొండకు ప్రభలతో, లక్షల జనంతో దారులన్నీ నిండిపోతాయి. ఆ రోజుల్లో సైకిలు ప్రయాణం పెట్టుకోవద్దు.

నల్లమల సంగతి వేరు. మార్కాపురం పలకలు పుట్టిన రాతినేల దాటి దోర్నాల చేరితే, అక్కడి నుంచి శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్లు అడవిలోనే రోడ్డు. ఈ కొండల్లో 900 మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. చెంచులు తరతరాలుగా ఇక్కడ బతుకుతున్నారు. ఈ అడవిని 1983లో పులుల రక్షణ పథకంలో చేర్చారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఆవలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. రాత్రివేళ ఈ రోడ్డు మీద గేట్లు మూసి వాహనాలను ఆపుతారు. పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి రోడ్డు దాటే వేళ అదే గనుక. రాత్రి రోడ్డు ఖాళీగా ఉన్నదంటే అది మన కోసం ఖాళీ చేసినది కాదు.

సైకిలుకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. దాని చప్పుడు వినపడదు. బస్సు వస్తుంటే జంతువు ముందే తప్పుకుంటుంది. నిశ్శబ్దంగా మలుపు తిరిగి వచ్చిన సైకిలును చూసి ఎలుగుబంటి బెదిరితే మీద పడవచ్చు. కనుక ఈ దారి విద్యార్థులు ఒంటరిగా పోయేది కాదు. పెద్దలతో, గుంపుగా, పట్టపగలు, గంట మోగించుకుంటూ, రోడ్డు దిగకుండా పోవాలి. అటవీశాఖవారు ఆపితే వెనుదిరగాలి.

గిద్దలూరు, నంద్యాల మధ్య ఇదే నల్లమలలో పాత మీటరుగేజి రైలుమార్గం ఉండేది. 1990 దశకంలో బ్రాడ్‌గేజికి మార్చినప్పుడు అడవిలో కొంతభాగం కొత్త దారిన వేసి పాత దారిని వదిలేశారు. ఎత్తైన దొరబావి వంతెన స్తంభాలు ఆ మార్గానివే. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్‌రాయ్, స్పార్టా ఊళ్ళ మధ్య ఇలాగే వదిలేసిన రైలుమార్గాన్ని 1960 దశకంలో సైకిలుదారిగా మార్చారు. సొరంగాలతో సహా కొండలు దాటే దారి, అయినా మెత్తని రైలు వాలు. మన పాతలైనును కూడా అలా చేయవచ్చు కదా అని మీకు తోచవచ్చు. వాలు లెక్క ప్రకారం చక్కని ఆలోచనే. కాని అది పులులు తిరిగే అడవి. మైదానంలో మనకు కాలువ కట్టలున్నాయి, చిన్నకొండలున్నాయి. పులికి ఇంకో నల్లమల లేదు. ఏది ముఖ్యమో మీ తరగతిలో చర్చించండి.

మీరే కొలవండి

ఒక మీటరు పొడవున్న తిన్నని చెక్కబద్ద, నలుచదరపు గాజు మందుసీసా, స్కేలు తీసుకోండి. సీసాలో సగం నీరు పోసి మూత బిగించి, బద్ద మీద పడుకోబెట్టి దారంతో కట్టండి. బద్దను వాలు వెంట రోడ్డు మీద పెట్టండి. నీటిమట్టం సీసా అంచుకు సమాంతరం అయ్యేదాకా బద్ద యొక్క పల్లపు కొనను పైకెత్తి, ఆ కొన కింద రోడ్డు నుంచి ఎత్తును స్కేలుతో కొలవండి. 5 సెంటీమీటర్లు వస్తే వాలు 20కి 1. బద్దను తిరగేసి మళ్ళీ కొలిచి సగటు తీసుకుంటే సీసా వంకర వల్ల వచ్చే తేడా పోతుంది. బండ్లు తిరగని చోటే ఈ ప్రయోగం చేయాలి. ఊరి చెరువుకట్ట మీదికి ఎక్కే దారి చాలు.

ప్రశ్నలు:

1. మీ సైకిలు ముందు, వెనుక పళ్ళు లెక్కపెట్టి, చక్రం చుట్టుకొలత కొలిచి, ఒక్క తొక్కుకు ఎంత దూరం పోతుందో కనుక్కోండి. దానిని నిజంగా తొక్కి సరిచూడండి.

2. మీ బరువు, మీ సైకిలు బరువు తీసుకుని 20కి 1 వాలులో వాలు నిరోధం ఎంతో లెక్కకట్టండి. క్యారియరు మీద 10 కిలోల సంచి పెడితే ఎంత పెరుగుతుంది?

3. ఉదయం 7 గంటలకు బయలుదేరి, 12 కిలోమీటర్లు చదునురోడ్డు, 4 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు పోయి, కొండ మీద గంట ఆగి, అదే దారిన 11 గంటల లోపల ఇల్లు చేరగలరా? దిగేటప్పుడు గంటకు 18 కిలోమీటర్లు దాటకూడదు. కాగితం మీద లెక్క చూసుకున్న తరువాతనే పంపు తీసి టైర్లకు గాలి కొట్టండి.